గుమ్మటాలు, మినార్లు, మండప స్తంభాలు.. డోర్నకల్ కెథెడ్రల్

డోర్నకల్: కాజీపేట - విజయవాడ రైలు మార్గంలో ప్రయాణించేవారికి డోర్నకల్ ఒక జంక్షన్‌గానే పరిచయం. కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్లే శాఖామార్గం ఇక్కడే చీలుతుంది. బొగ్గు రవాణాతో పేరుపొందిన ఈ ఊరికి మరో విశిష్టత ఉంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్‌గా చరిత్రకెక్కిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 32 ఏళ్లపాటు ఇక్కడి నుంచే తన సంఘాన్ని నడిపారు. ఆయన హయాంలో రూపుదిద్దుకున్న ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకొంది. గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది దేవాలయ మండపాలను తలపించే స్తంభాలు ఒకే కట్టడంలో కలిసి కనిపించడం ఈ ప్రార్థనాలయం ప్రత్యేకత. పల్లె జనం కోసం, పల్లె నడుమ, ఈ నేల ఎరిగిన రూపాలతో నిర్మితమైన ప్రొటెస్టెంట్ ఆలయాల్లో దీనికి విశిష్ట స్థానముంది.

పల్లెలో పీఠం

కెథెడ్రల్ అంటే కేవలం పెద్ద చర్చి అని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఈ పదానికీ పరిమాణానికీ సంబంధం లేదు. బిషప్ ఆసనాన్ని లాటిన్‌లో ‘కథెడ్రా’ అంటారు. ఆ ఆసనం ఉన్న ఆలయమే కెథెడ్రల్. ఐరోపాలో ఇవి సాధారణంగా నగరాల్లోనే ఉంటాయి. భారతదేశంలోనూ కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి మహానగరాల్లో ఆంగ్లికన్ పీఠాలు వెలిశాయి. అందుకు భిన్నంగా నిజాం రాజ్యంలోని వరంగల్ ప్రాంతాన, ఒక చిన్న రైల్వే గ్రామంలో పీఠం ఏర్పడటం ఆ రోజుల్లో అసాధారణమే.

డోర్నకల్‌కు ఆ స్థానం దక్కడం వెనుక తమిళనాడులోని తిరునల్వేలి క్రైస్తవుల చొరవ ఉంది. విదేశీ సొమ్ము, విదేశీ నాయకత్వం లేకుండా భారతీయులే సువార్త సేవ చేయాలన్న సంకల్పంతో 1903లో అక్కడ ‘ఇండియన్ మిషనరీ సొసైటీ’ ఆవిర్భవించింది. దాని స్థాపకుల్లో అజరయ్య ముఖ్యులు. ఈ సంస్థ తన కార్యక్షేత్రంగా తెలుగు మాట్లాడే డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకొంది. భాష వేరు, రాజ్యం వేరు, ఆహారపు అలవాట్లు వేరు. తిరునల్వేలి పల్లెల వారు చందాలు పోగుచేసి, తమవారిని తెలుగు నేలకు పంపారు. 19వ శతాబ్ది చివర్లో వచ్చిన రైలు మార్గం, ఎల్లందు బొగ్గు గనులు అప్పటికే డోర్నకల్‌ను బయటి ప్రపంచంతో కలిపాయి.

గురువుగారి కుమారుడు

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు తూత్తుకుడి జిల్లాలో ఉంది. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామ సంఘానికి గురువు. ఆ విధంగా బాల్యం నుంచే అజరయ్యకు పల్లె చర్చి జీవితం సుపరిచితం. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివిన పిమ్మట 1895లో యువజన క్రైస్తవ సంఘం (వై.ఎం.సి.ఎ.) కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతటా పర్యటించారు. 1905 డిసెంబరు 25న సేరంపూర్‌లో జరిగిన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన పాలుపంచుకొన్నారు.

పల్లెలకు వెళ్లమని ఇతరులకు బోధించే తానే ఎందుకు వెళ్లకూడదన్న ప్రశ్న ఆయనను డోర్నకల్‌కు నడిపించింది. 1909లో గురు పదవిని స్వీకరించి, తెలుగు నేర్చుకొని ఇక్కడ స్థిరపడ్డారు. మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగిస్తూ, విదేశీ మిషనరీలు భారతీయ సహచరులతో సమానంగా మెలగడం లేదని నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. త్యాగం, దానం కన్నా స్నేహమే కావాలన్న ఆయన విన్నపం సభను కుదిపింది. సభికుల్లో కొందరు నొచ్చుకొన్నారు. కానీ ఆ ప్రసంగం నేటికీ ఆ మహాసభ గురించి చెప్పుకొనే ప్రతిచోటా ప్రస్తావనకు వస్తుంది.

తొలి భారతీయ బిషప్

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, ఒక భారతీయునికి ఈ పదవి ఇవ్వాలని పట్టుబట్టారు. ఐరోపా మిషనరీల్లో పలువురు దీన్ని వ్యతిరేకించారు. తెల్లవారు నల్లవాని అధికారం కింద పనిచేయవలసి వస్తుందన్న శంక వారిది. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరు కులాన్ని, ప్రాంతాన్ని ముందుకు తెచ్చి అభ్యంతరం చెప్పారు. ఎట్టకేలకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్లు.

ఆరంభంలో డోర్నకల్ అధ్యక్ష మండలం చాలా చిన్నది. భారతీయుడు సమర్థంగా నిర్వహించగలడా అన్న సందేహం తీరిన తరువాత, 1920లలో కృష్ణా తదితర తెలుగు ప్రాంతాలు కూడా దీనిలో చేరాయి. దాంతో నిజాం రాజ్యంలోని పల్లెలే కాక మద్రాసు రాష్ట్రంలోని తెలుగు సంఘాలు అనేకం డోర్నకల్ పీఠం కిందికి వచ్చాయి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అజరయ్యకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. అయినా ఆయన పర్యటనలు ఎక్కువగా ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన సాగేవి.

పిడికెడు బియ్యం

కెథెడ్రల్‌ను అర్థం చేసుకోవాలంటే ముందుగా దాని కింద ఉన్న పల్లె సంఘాలను చూడాలి. ఆనాటి తెలుగు పల్లెల్లో ప్రొటెస్టెంట్ సంఘం ఒక మట్టి గోడల పాకతో మొదలయ్యేది. పగలు అది బడి, సాయంత్రం ప్రార్థన మందిరం. ఒక ఉపాధ్యాయుడే పిల్లలకు అక్షరాలు, పెద్దలకు వాక్యం బోధించేవాడు. సభ్యుల్లో అధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. 1930ల నాటికి కొన్ని చోట్ల ఇతర రైతు, వృత్తి కులాల వారు కూడా సంఘంలో చేరసాగారు.

చేతిలో డబ్బు ఆడని కుటుంబాలు కానుక ఇచ్చే పద్ధతి వేరుగా ఉండేది. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ గృహిణి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారాంతంలో ఆ బియ్యం సంఘానికి చేరేది. కోతల కాలంలో ధాన్యం, కోళ్లు, గుడ్లు, కూరగాయలు సమర్పించేవారు. బీదవాడు కూడా ఇచ్చేవాడు కావాలే తప్ప ఎల్లకాలం పుచ్చుకొనేవాడుగా మిగలరాదన్నది అజరయ్య బోధ. ఆయన ఆంగ్లంలో ‘క్రిస్టియన్ గివింగ్’ అన్న గ్రంథాన్ని కూడా రచించారు. మురికి, వ్యాధి, అప్పు, తాగుడు.. ఈ నాలుగింటినీ ఆయన పల్లెను పీడించే నాలుగు దయ్యాలుగా అభివర్ణించేవారు.

సంఘం లోపలి దయ్యం మరొకటి ఉంది. అది కులం. బాప్తిస్మం పొందిన తరువాత కూడా మాలలు, మాదిగలు వేర్వేరుగా కూర్చోవడం, ఒకే పాత్ర నుంచి ప్రభు భోజన సంస్కారం తీసుకోవడానికి సంకోచించడం అనేక ఊళ్లలో కనిపించేది. అజరయ్య దీనిపై రాజీపడలేదు. ఒకే బల్ల, ఒకే పాత్ర అన్న నియమాన్ని పట్టుబట్టి అమలు చేయించారు. ఈ భేదం పూర్తిగా అంతరించిందని చెప్పలేం. కానీ అందరూ ఒక్క కప్పు కింద నిలిచే ఆలయం ఒకటి కావాలన్న ఆలోచనకు ఈ నేపథ్యమే బలం చేకూర్చింది.

26 ఏళ్ల తరువాత ప్రతిష్ఠ

బిషప్ పీఠం 1912లో ఏర్పడినా, దానికి తగిన ఆలయం ప్రతిష్ఠ కావడానికి 26 ఏళ్లు పట్టింది. ఈ మధ్యకాలంలో మొదటి ప్రపంచ యుద్ధం, 1930ల ఆర్థిక మాంద్యం వచ్చిపడ్డాయి. పల్లెల్లో బడి, గురువు జీతం, వైద్యం వంటి అవసరాలు ముందు వరుసలో నిలిచేవి. చివరకు నిలిచిన కట్టడం మాత్రం చూపరులను ఆకట్టుకొంటుంది.

వెలుపలి నుంచి చూస్తే ముందుగా కంటపడేవి గుమ్మటాలు, మినార్లు. కుతుబ్‌షాహీలు 1591లో చార్మినార్ కట్టిన నాటి నుంచి దక్కన్ ప్రజలకు ఇవి అలవాటైన రూపాలు. నిజాం రాజ్యంలో ఏ పట్టణానికి వెళ్లినా ఇవి కనిపించేవి. లోపల బరువును మోసే స్తంభాలు ఇందుకు భిన్నమైనవి. అవి దక్షిణాది దేవాలయాల మండపాలను జ్ఞప్తికి తెస్తాయి. 1163లో రుద్రదేవుడు నిర్మించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిని చూసిన జిల్లా వాసులకు రాతి స్తంభాల వరుస కొత్త కాదు. ఈ రెండు సంప్రదాయాల నడుమ శిలువ, ప్రసంగ వేదిక, సంస్కారపు బల్ల, బాప్తిస్మపు తొట్టి, బిషప్ ఆసనం ఆంగ్లికన్ ఆరాధన క్రమాన్ని సూచిస్తాయి.

ఈ అమరికలో ఆచరణాత్మక సౌలభ్యం కూడా ఉంది. ప్రొటెస్టెంట్ ఆరాధనలో వాక్యం వినడం ప్రధానం. ప్రసంగం చివరి వరుస దాకా చేరాలి. సంస్కార సమయంలో వందలమంది బల్ల వద్దకు వచ్చి వెళ్లాలి. దేవాలయంలో గర్భగుడి చిన్నదిగా, అర్చకునికి మాత్రమే ప్రవేశం కలిగి ఉంటుంది. మసీదులో ప్రార్థించేవారంతా ఒకే దిక్కుకు వరుసలు తీరుతారు. క్రైస్తవ ఆలయంలో సంఘమంతా లోపలే కూర్చొని, ముందున్న బల్ల వైపు చూస్తుంది. మండప స్తంభాలు విశాలమైన కప్పును మోస్తాయి. గుమ్మటం ఆ కప్పుకు ఎత్తునిస్తుంది. ఉన్న రూపాలనే తీసుకొని కొత్త అవసరానికి అమర్చడం ఇక్కడి నేర్పు.

మెదక్ ఒక దారి, డోర్నకల్ మరో దారి

ఇదే నిజాం రాజ్యంలో సుమారు 14 ఏళ్ల ముందు మరో మహా ఆలయం పూర్తయింది. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మితమైన చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురంతో అది నేటికీ లక్షలాది సందర్శకులను ఆకర్షిస్తోంది. కరవు కాలంలో పేదలకు పని, తిండి కల్పించిన నిర్మాణంగా దానిపై జనానికి కృతజ్ఞతాభావం ఉంది. శైలి మాత్రం పూర్తిగా ఐరోపా గోథిక్. మొనదేలిన తోరణాలు, ఆకాశాన్ని అంటే గోపురం, క్రీస్తు జీవిత ఘట్టాలను చిత్రించిన రంగుటద్దాల కిటికీలు అందులో ప్రధానం.

రెండింటిలో ఏది గొప్పదన్న చర్చ అనవసరం. మెదక్ ఆలయం ఇంగ్లండులోని ఉత్తమ శిల్పాన్ని తెలుగు పేదకు అందించాలనుకొంది. డోర్నకల్ ఆలయం తెలుగు పేదకు ముందే తెలిసిన శిల్పంతో పలకరించాలనుకొంది. ఒకటి విదేశీ మిషనరీ ప్రేమతో ఇచ్చిన కానుక. మరొకటి భారతీయ బిషప్ తన జనంతో కలిసి కట్టుకొన్న ఇల్లు.

దేశంలో ఇటువంటి ప్రయత్నం డోర్నకల్‌తోనే మొదలు కాలేదు. 1883లో పెషావర్‌లో ఆల్ సెయింట్స్ చర్చిని మసీదును పోలిన రూపంలో నిర్మించారు. తమిళనాడులోని తిరుపత్తూరులో 1921లో స్థాపితమైన క్రిస్తుకుల ఆశ్రమం తన ప్రార్థనాలయాన్ని ద్రావిడ దేవాలయ శైలిలో కట్టుకొంది. తెలుగు నాట ఈ పని రాతిలో కన్నా ముందుగా పాటలో జరిగింది. పురుషోత్తమ చౌధురి (1803-1890) వంటి కవులు రాగతాళాలతో క్రైస్తవ కీర్తనలు రచించి, ఆంగ్ల బాణీలకు ప్రత్యామ్నాయాన్ని చూపారు. పాటలో సాధ్యమైన సమ్మేళనాన్ని డోర్నకల్ రాతిలో చూపిందని చెప్పవచ్చు.

1939.. ఒకే ఏడాది

ప్రతిష్ఠ జరిగిన సంవత్సరానికి మరో ప్రాముఖ్యం ఉంది. అదే ఏడాది డిసెంబరు 4న హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. అందులోనూ ఇస్లామీయ తోరణాలు, హిందూ శిల్ప రీతి స్తంభాలు జతకలిశాయి. ఒకే రాజ్యంలో ఒకటి ప్రభుత్వ ఖజానాతో, మరొకటి సంఘం కానుకలతో ఒకే దిశగా ఆలోచించాయి.

అదే సంవత్సరం జూలై 8న మద్రాసు రాష్ట్రంలోని మదురై మీనాక్షి ఆలయంలోకి అంటరానివారిగా పరిగణితులైనవారు తొలిసారి ప్రవేశించారు. ఆ తరువాతే ఆలయ ప్రవేశానికి రక్షణ కల్పించే చట్టం మద్రాసులో వచ్చింది. అంటే డోర్నకల్ పీఠం పరిధిలోని అనేక పల్లెల్లో, ఊరి గుడి మండపంలో అడుగుపెట్టే హక్కు మాల, మాదిగలకు ఇంకా లేని కాలమది. అటువంటి కాలంలో మండపాన్ని పోలిన స్తంభాల నడుమ, బల్లకు అతి చేరువలో, వారు తమ సొంత ఆలయంలో మోకరిల్లారు. ఈ శిల్పానికి కేవలం అలంకార దృష్టితో విలువ కట్టలేకపోవడానికి కారణం ఇదే.

భిన్నాభిప్రాయాలు

దేశీయ రూపాన్ని అందరూ ఒకే తీరుగా ఆదరించారని భావించరాదు. తమను వెలివేసిన వ్యవస్థకు గుర్తుగా కనిపించే ఆచారాలు, రూపాలు తమకు వద్దని కొత్తగా చేరిన క్రైస్తవుల్లో చాలామంది తలచేవారు. వారికి పాశ్చాత్య పద్ధతి విముక్తికి సంకేతంగా తోచేది. దేశీయత కావాలని ఎక్కువగా కోరింది కొందరు విదేశీ మిషనరీలే కావడం గమనార్హం. అజరయ్య ఈ రెండింటి మధ్య జాగ్రత్తగా నడిచారు. ఆంగ్లికన్ ప్రార్థన క్రమాన్ని వదలలేదు. కులంతో ముడిపడిన ఆచారాలను అనుమతించలేదు. అదే సమయంలో తెలుగు కీర్తన, కోత పండుగ, దేశీయ శిల్పాలను ఆదరించారు.

బయటి నుంచి వచ్చిన విమర్శ ఇంకా తీవ్రమైనది. 1930లలో సామూహిక మతాంతరీకరణలను మహాత్మాగాంధీ ‘హరిజన్’ పత్రికలో విమర్శించారు. నిరక్షరాస్యులైన పేదలు విశ్వాసంతో కాక ఇతర కారణాలతో మతం మారుతున్నారన్నది ఆయన వాదన. పేదకు సైతం తన విశ్వాసాన్ని తానే ఎంచుకొనే వివేకం, హక్కు ఉన్నాయన్నది అజరయ్య పక్షం. విశేషమేమిటంటే, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న కోరికను అజరయ్య వ్యతిరేకించారు. సంఘం రాజకీయ వర్గంగా మారిపోరాదని, జాతి జీవనంలో కలిసి ఉండాలని ఆయన భావించారు. ఈ వివాదంలో ఎవరి పక్షాన నిలిచినా, కెథెడ్రల్ రూపం దీనికొక మౌన సమాధానమని అంగీకరించక తప్పదు. క్రైస్తవుడైనంత మాత్రాన పరాయివాడు కానన్న మాటను అది రాతితో చెబుతోంది.

పేరులోనే అర్థం

ఆలయానికి పెట్టిన ‘ఎపిఫనీ’ అన్న పేరు గ్రీకు మూలం నుంచి వచ్చింది. ప్రత్యక్షత అని దీని భావం. నక్షత్రాన్ని అనుసరించి తూర్పు దేశపు జ్ఞానులు బేత్లెహేముకు వచ్చి, శిశువైన యేసుకు కానుకలు సమర్పించిన ఘట్టాన్ని క్రైస్తవ సంఘం జనవరి 6న స్మరించుకొంటుంది. యూదేతర జనులకు క్రీస్తు కనిపించిన సందర్భంగా ఈ పండుగకు ప్రాధాన్యం. ప్రతిష్ఠకు కూడా ఇదే తేదీని నిర్ణయించారు. తూర్పు దేశాల వారు తమ కానుకలతో తామే వచ్చారన్న కథకు, తమ పిడికెడు బియ్యంతో ఆలయానికి వచ్చిన పల్లె జనానికి పోలిక స్పష్టం.

ఐక్యతకు పునాది

అజరయ్య మరో కలగన్నారు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అంటూ పశ్చిమ దేశాల్లో పుట్టిన చీలికలు తెలుగు పల్లెలో ఎందుకు కొనసాగాలన్నది ఆయన ప్రశ్న. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో జరిగిన సమావేశం ఈ దిశగా తొలి అడుగు. దానిలో అజరయ్య ప్రముఖ పాత్ర పోషించారు. 28 ఏళ్ల చర్చల అనంతరం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అవతరించింది. అది చూసేందుకు ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

సి.ఎస్.ఐ. ఏర్పడిన తరువాత ఒకప్పుడు రెండు దారులుగా నిలిచిన మెదక్, డోర్నకల్ ఆలయాలు ఒకే సంఘంలోని రెండు పీఠాలయ్యాయి. నిజాం రాజ్యం, హైదరాబాదు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ.. పాలనలు మారాయి. 2016లో వరంగల్ జిల్లా పునర్వ్యవస్థీకరణతో డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలో చేరింది. 2018లో పురపాలక సంఘమైంది. పల్లె పట్టణమైనా, పల్లెల కోసం కట్టిన కెథెడ్రల్ మాత్రం డోర్నకల్ అధ్యక్ష మండలానికి కేంద్రంగా కొనసాగుతోంది.

ముఖ్య ఘట్టాలు

* 1874: తిరునల్వేలి ప్రాంతంలో అజరయ్య జననం
* 1903: ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపన
* 1909: గురువుగా డోర్నకల్‌కు రాక
* 1910: ఎడింబరో మహాసభలో ప్రసంగం
* 1912 డిసెంబరు 29: కలకత్తాలో బిషప్‌గా అభిషేకం
* 1919: తరంగంబాడి ఐక్యతా సమావేశం
* 1939 జనవరి 6: ఎపిఫనీ కెథెడ్రల్ ప్రతిష్ఠ
* 1945 జనవరి 1: అజరయ్య మరణం
* 1947 సెప్టెంబరు 27: దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భావం

ఇలా చేరుకోవచ్చు

డోర్నకల్ జంక్షన్ కాజీపేట - విజయవాడ ప్రధాన రైలు మార్గంలో మహబూబాబాద్, ఖమ్మం స్టేషన్ల నడుమ ఉంది. రోడ్డు మార్గాన ఖమ్మం, మహబూబాబాద్‌ల నుంచి చేరుకోవచ్చు. ఇది నిత్యం ఆరాధన జరిగే ఆలయం కాబట్టి సందర్శకులు ప్రార్థన వేళలకు భంగం కలగకుండా చూసుకోవడం మంచిది. స్తంభాలను, గుమ్మటాలను తీరిగ్గా పరిశీలించాలనుకొనేవారికి ఆదివారం కన్నా ఇతర దినాలు అనుకూలం.